మెట్ల మీది పూజ

పిల్లల నోరు మూయించడంలో నాకు పేరుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఒకటో తరగతికి పాఠం చెప్పాను. అరవై మంది పిల్లలున్న గదిలో నేను ఒక కనుబొమ్మ పైకెత్తితే చాలు, పలకల మీద బలపాల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. రిటైరయ్యాక ఆ కనుబొమ్మకు పని లేకుండా పోయింది. ఊరికే ఉంచడం ఎందుకని ఆదివారాలు దాన్ని గుడికి తీసుకుపోవడం మొదలుపెట్టాను.

మేం క్యాథలిక్కులం. హిందూపురంలో మా చర్చిని మేం గుడి అనే అంటాం, ఆదివారం ఆరాధనను పూజ అంటాం. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, ఆడవాళ్లం తల మీద కొంగు కప్పుకుని కుడి పక్క, మగవాళ్లు ఎడమ పక్క, పట్టలు పరిచిన నేల మీద కూర్చుంటాం. మోకాళ్లు అరిగినవాళ్లకు వెనక గోడ దగ్గర నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంటాయి. నా మోకాళ్లకు ఏ జబ్బూ లేదు. అయినా నేను కుర్చీనే పట్టాను, ఎందుకంటే అక్కడినుంచి అందరి వీపులూ కనబడతాయి. ఏ వీపు వెనకనుంచి ఏ బిడ్డ తల పైకి లేచినా, ఏ తల్లి కొంగు చాటున చిప్స్ ప్యాకెట్ చించినా, ఏ పాప కాళ్ల గజ్జెలు ఘల్లుమన్నా నాకు తెలిసిపోయేది.

నాకు ఎవరూ ఈ పని అప్పజెప్పలేదు. అయితే ఎవరూ వద్దనీ అనలేదు. ప్రసంగం మధ్యలో ఏ బిడ్డయినా గుక్కపెడితే ఫాదర్ ఒక్క క్షణం ఆగి నా కుర్చీ వైపు చూసేవారు. ఆ చూపే నాకు అపాయింట్‌మెంట్ ఆర్డరు. నేను లేచి, పట్టల అంచున మెల్లగా నడిచి, ఆ తల్లి చెవిలో చెప్పేదాన్ని: "కొంచేపు బయట కూచోమ్మా. బిడ్డ ఊరుకున్నంక వద్దువు." ఎంత మర్యాదగా చెప్పానో అని నన్ను నేనే మెచ్చుకునేదాన్ని. వాళ్లు బిడ్డను ఎత్తుకుని, తల వంచుకుని, అందరి కాళ్లూ దాటుకుంటూ వెళ్లిపోయేవారు. వెళ్లినవాళ్లు మళ్లీ లోపలికి వచ్చారా లేదా అని నేను ఏనాడూ చూడలేదు. నాకు కావలసింది నిశ్శబ్దం, అది దొరికేది.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధే. నేను పుట్టి పెరిగింది పెనుకొండలో. మా చిన్నప్పుడు అక్కడి చిన్న గుడికి నెలకొక్కసారే ఫాదర్ వచ్చి పూజ చేసేవారు. అందుకని ఆ గంటసేపు మా అమ్మకు చాలా విలువైనది. "నెలకొకసారి దేవుడు మన ఊరికొస్తాడు. ఆ గంటసేపన్నా నోరు మూసుకుని ఉండలేరా?" అనేది. మేం ఐదుగురు పిల్లలం ఆమె చుట్టూ కూర్చునేవాళ్లం. ఎవరు కదిలినా ఆమె కొంగు కిందినుంచి ఒక చెయ్యి వచ్చేది. మా అమ్మ తొడపాశం పెట్టిందంటే పట్టపగలే చుక్కలు కనిపించేవి. ఏడిస్తే రెండోది పడుతుంది కాబట్టి ఏడ్చేవాళ్లం కాదు. మగవాళ్ల వైపు కూర్చున్న మా నాయన ఏమీ ఎరగనట్టు జపమాల తిప్పుకునేవాడు. పూజ అయ్యాక ఊళ్లోవాళ్లు వచ్చి, "నీ పిల్లోళ్లు ఎంత భక్తిగా కూచుంటారమ్మా" అని మా అమ్మను పొగిడేవారు. దాన్ని భక్తి అంటారని నేనూ నమ్మాను. నా కొడుకునూ అలాగే పెంచాను.

ఆ కొడుకు, ఊరి బయట ఫ్యాక్టరీలో పనిచేస్తూ, పక్క గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లను ఇష్టపడ్డాడు. ఆ పిల్లది రొద్దం పక్క పల్లె. చెనక్కాయ పండించుకునే రైతుల ఇల్లు. హిందువులు. వాళ్ల వైపు కొంత అలక, మా వైపు కొంత అలక, చివరకు బిషప్ గారి అనుమతి తెచ్చుకుని మా గుడిలోనే పెళ్లి జరిగింది. ఆ పిల్ల మతం మారలేదు. మారమని మేమూ అడగలేదు. అడగలేదని గొప్పగా చెప్పుకుంటాను గానీ, అడిగితే మావాడు వేరే కాపురం పెడతాడని నా భయం. అయితే అలాంటి పెళ్లిళ్లలో ఒక కట్టుబాటు ఉంది. పుట్టే బిడ్డలకు జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఇప్పించడానికి తన శక్తి కొద్దీ ప్రయత్నిస్తానని మావాడు ఫాదర్ ముందు మాటిచ్చి సంతకం పెట్టాడు. ఆ సంగతి ఆ పిల్లకూ ముందే చెప్పారు. తల ఊపింది. అంతే, మాట మాత్రం ఇవ్వలేదు.

మనవడు పుట్టాడు. మాలో మామూలుగా బిడ్డకు రెండు మూడు నెలలు నిండేలోపే జ్ఞానస్నానం అయిపోతుంది. నేను అడిగినప్పుడల్లా కోడలు, "చూద్దాంలే అత్తా" అనేది. కాదనదు, ఔననదు. తొమ్మిదో నెలలో రొద్దంవాళ్లు తమ ఇలవేల్పు దగ్గర బిడ్డకు పుట్టెంట్రుకలు తీయించారు. నేనూ పోయాను, నవ్వుతూ భోజనం చేశాను, గుండు మీద గంధం పూసిన మనవణ్ణి ముద్దు పెట్టుకున్నాను. కడుపులో మాత్రం మంట. వాళ్ల దేవుడికి వాణ్ణి చూపించారు, మా దేవుడికి ఇంకా చూపించలేదు అన్న పోటీ. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు? నాకు ఇంకే కోరికా లేదు. వాడి తల మీద ఆ మూడు దోసిళ్ల నీళ్లు పడాలి, నేను కళ్లారా చూడాలి. కోడలు ప్రతి ఆదివారం బిడ్డను ఎత్తుకుని నాతోపాటు పూజకు వస్తోంది కదా, ఈ రోజు కాకపోతే రేపు మెత్తబడుతుందిలే అని ఓర్చుకున్నాను.

పదో నెలలో పడ్డది అసలు చిక్కు. అంతవరకూ ఒడిలో నిద్రపోయే బిడ్డకు గొంతు వచ్చింది. ఒక ఆదివారం రెండో పఠనం చదువుతుండగా వాడు అందుకున్నాడు. మామూలు ఏడుపు కాదు, ఫ్యాన్ల చప్పుడును మింగేసే ఏడుపు. కోడలు వీపు తట్టింది, నీళ్లసీసా నోటికి పెట్టింది, గాజులు ఆడించింది. వాడు ఆగలేదు. అప్పుడు తలలు తిరిగాయి. బిడ్డ వైపు కాదు, నా కుర్చీ వైపు. ఊరందరి పిల్లల్నీ బయటికి పంపిన టీచరమ్మ ఇప్పుడు సొంత మనవణ్ణి ఏం చేస్తుందో చూద్దామని. చివరకు ఫాదర్ కూడా చూశారు.

లేచాను. పట్టల అంచున నడిచి కోడలి దగ్గరకు వెళ్లాను. అందరికీ వినిపించేలా, "బయట కూచో పో" అన్నాను. మిగతా తల్లులకు చెప్పే 'అమ్మా' అన్న మాట లేదు. 'బిడ్డ ఊరుకున్నంక వద్దువు' అన్న మాటా లేదు. నా ఇంటివాళ్లకైనా ఒకటే న్యాయం అని చూపించుకోవాలన్న ఆత్రం. కోడలు నన్ను ఒక్కసారి చూసి, బిడ్డను భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నేను కుర్చీలో కూర్చుని, పరువు దక్కింది అనుకున్నాను.

తరువాతి ఆదివారం ఆమె ఏడుపు కోసం ఆగలేదు. చెప్పులు విడిచి, మెట్ల మీదే కూర్చుని, బిడ్డను ఒళ్లో పెట్టుకుంది. నేను లోపలికి వెళ్లాను. ఆ తరువాతి ఆదివారమూ అంతే. అలా పద్నాలుగు నెలలు. ఇంటినుంచి ఒకే ఆటోలో వచ్చేవాళ్లం, మెట్ల దగ్గర విడిపోయేవాళ్లం, పూజ అయ్యాక మళ్లీ కలిసి పోయేవాళ్లం. తెలివైన పిల్ల, చెప్పించుకోకుండా అర్థం చేసుకుంది అని నా లోపల నేనే సంబరపడ్డాను. నా తెలివి అంతవరకే.

మనవడికి రెండేళ్లు నిండబోతున్నాయి. ఒక సాయంత్రం కోడలు వంటింటి గడప దగ్గర కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. అదను చూసి కదిపాను.

"రెండేండ్లు నిండుతాండాయి. ఇంగ స్నానం ఎప్పుడు పోయిద్దాం?"

ఆమె చేతిలో కాయ చిట్లించి, గింజలు చేటలో వేసి, అప్పుడు అంది: "లోపలికి రానియ్యని బిడ్డకు స్నానం యాలత్తా?"

"ఎవరు రానియ్యలేదు?"

"నువ్వే కదత్తా పొమ్మనింది."

"ఏడిస్తే ఊరుకోబెట్టుకుని రమ్మన్నా గానీ, ఆడే ఉండిపొమ్మన్నానా?"

"వాళ్లకి చెప్పినావు ఊరుకున్నంక రమ్మని. నాకు చెప్పలే. నేను మీ మతం కాదు కదా, నాకు చెప్పే మాట వేరేమో అనుకుంటి." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను ఇంకో నాలుగు మాటలు అని ఉండేదాన్ని, గొడవ పడి తేల్చుకునేవాళ్లం. ఆమె మళ్లీ చెనక్కాయలు ఒలవడంలో పడింది. "నీ మనవడు యాడ కూచోవాల్నో నువ్వు చెప్పినావు. ఆడే కూచోబెడతాండా" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు చేసినవాళ్లకు ముందు వచ్చేది కోపమే. మేడ మీదికి వెళ్లి ధర్మవరంలో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను. నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఏ కష్టం వచ్చినా నేను మొదట చెప్పుకునేది ఆమెకే. కోడలి మీద ఉన్నవీ లేనివీ కలిపి చెప్పి, చివర్లో, "మనం ఎట్ల కూచుంటిమి అమ్మ దగ్గర, చెప్పక్కా. నోరెత్తితిమా?" అన్నాను, నా పక్షాన ఒక మాట వస్తుందని.

అక్క నవ్వింది. "పెనుకొండ గుడిలో పీఠం వెనక ఏ పటం ఉండేదో నీకు గుర్తుండాదా?"

"ఉండదా?" అన్నాను గానీ వెంటనే ఏదీ తోచలేదు.

"నాకు ల్యా. పదేండ్లు ఆడ కూచుంటి, ఒకసారి గూడా పీఠం పక్క చూడలే. అమ్మ చెయ్యి యాడుండాదో అదే చూస్తా ఉంటి. పూజ అయిపోతానే బతికిపోతిమి అనుకుంటి. నాకు భక్తి వచ్చింది పెండ్లయి ధర్మవరం వచ్చినంకనే. ఊరికే అమ్మను అడ్డం పెట్టుకోవద్దు నువ్వు."

నేను టక్కున ఫోన్ పెట్టేశాను. ఆ తరువాత రెండు రోజులు ఆ పటం ఏమిటో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. అమ్మ మోచేతి దాకా ఉన్న ఆకుపచ్చ గాజులు గుర్తుకొచ్చాయి. పటం గుర్తుకు రాలేదు.

ఆ వారమే ఫ్యాక్టరీలో ఏదో అర్జంటు ఆర్డరని ఆదివారం కూడా కోడల్ని రమ్మన్నారు. మావాడికీ డ్యూటీ ఉంది. పొద్దున్నే కోడలు బిడ్డకు స్నానం చేయించి, చొక్కా తొడిగి, నీళ్లసీసా సంచిలో పెట్టి నా చేతికిచ్చి బస్సెక్కింది. ఇన్నాళ్లకు మనవణ్ణి నేనొక్కదాన్నే గుడికి తీసుకుపోతున్నాను. ఈ రోజు వీణ్ణి లోపలికి తీసుకుపోయి, నా ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఎంత బుద్ధిగా కూర్చుంటాడో కోడలికి చెప్పాలి అనుకున్నాను. అప్పుడు ఆ పేచీ దానంతటదే తీరిపోతుందని నా లెక్క.

మెట్ల దగ్గర ఆటో దిగగానే వాడు నా వేలు వదిలేశాడు. వంగి తన చెప్పులు తనే విడిచాడు. మూడో మెట్టు ఎక్కి, గోడ వారకు జరిగి కూర్చుని, పక్కన అరచేత్తో తట్టి, "అవ్వా, కూచో" అన్నాడు.

"లోపలికి పోదాం రా నాయనా."

"ఈడ."

చెయ్యి పట్టి లాగాను. వాడు మెట్టు అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇంకొంచెం గట్టిగా లాగాను. "ఈడే! ఈడే!" అని ఆ పది నెలలనాటి గొంతుకు రెట్టింపు గొంతుతో ఏడుపు అందుకున్నాడు. లోపల ప్రవేశగీతం మొదలైంది. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. అరవై మందిని కనుబొమ్మతో ఆడించినదాన్ని, ఒక్కణ్ణి మెట్టు మీదినుంచి కదపలేకపోయాను. చివరకు చీర సర్దుకుని వాడి పక్కన కూర్చున్నాను. వాడు టక్కున ఏడుపు ఆపేశాడు.

అప్పుడు చుట్టూ చూశాను. మెట్ల మీదా వరండాలోనూ ఏడెనిమిది మంది తల్లులున్నారు. అందరూ నేను పంపినవాళ్లే. నన్ను చూడగానే మాటలు ఆగిపోయాయి. ఒకామె పాలసీసా కొంగు చాటుకు దాచింది. ఇంకొకామె కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "ఊరుకో, టీచరమ్మ వచ్చింది" అంది. ఆ పాప నన్ను చూసి నిజంగానే ఊరుకుంది. పూర్వమైతే ఎంత ముచ్చటపడి ఉండేదాన్నో. ఆ రోజు ఆ పాప కళ్లు చూస్తే నాకు నా మీదే రోత పుట్టింది.

కొంతసేపటికి వాళ్లలో పెద్దామె తెగించి నాతో మాట్లాడింది. "అక్కా, ఈ పక్కకి జరుగు. ప్రసంగం పొద్దుకి ఆడ ఎండ పడతాది." వాళ్లకు ఎండ నడక అంతా తెలుసు. ప్రసంగానికి మూడో మెట్టు, విశ్వాస ప్రమాణానికి రెండో మెట్టు, ఆ తరువాత వరండా స్తంభం నీడే దిక్కు. ఆ స్తంభం నీడలో కూర్చుంటే పీఠం అస్సలు కనబడదు. స్పీకర్లన్నీ లోపలికే తిరిగి ఉన్నాయి. ఫాదర్ ప్రసంగంలో నాలుగు మాటలు వినబడితే, బెంగళూరు బస్సు హారన్‌లో పది మాటలు పోతున్నాయి. లోపల అందరూ ఒకరికొకరు చేతులు జోడించి సమాధానం, అంటే శాంతి, చెప్పుకునేటప్పుడు ఒక్కరూ తల తిప్పి బయటికి చూడరు. నలభై ఏళ్లుగా ఈ గుడికి వస్తున్నాను. బయటినుంచి పూజ ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

సమాధానం చెప్పుకోవడానికి ముందే ఇంకొకటి జరిగింది. లోపల ఫాదర్ అప్పాన్ని పైకెత్తే సమయానికి గంట మోగింది. నా పక్కన చీమలతో ఆడుకుంటున్న మనవడు ఆ గంట వినగానే లేచాడు. ఒక మెట్టు దిగి, చెప్పులకు అవతల ఉన్న గుడి గోడ వైపు తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు. రెండోసారి గంట మోగేదాకా అలాగే ఉన్నాడు. మళ్లీ లేచి చీమల దగ్గరకు వచ్చాడు.

"ఇది ఎవరు నేర్పినారు వీనికి?" అన్నాను.

"వాళ్లమ్మే కదక్కా. లోపల గంట కొడ్తానే ఆయమ్మ మోకాళ్ల మీద కూచుంటాది. వీడూ కూచుంటాడు" అంది ఆ పెద్దామె.

మోకరించమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె మా మతస్థురాలు కాదు. బయట కూర్చున్నవాళ్లను చూసేవాళ్లు కూడా ఎవరూ లేరు. ఎవరి మెప్పు కోసం ఆమె పద్నాలుగు నెలలు ఈ చెప్పుల మధ్య మోకాళ్లూనింది?

జ్ఞానస్నానం పొందినవాళ్లకు మాత్రమే ఆ అప్పాన్ని సత్ప్రసాదంగా ఇచ్చే సమయం వచ్చింది. లోపల వరస కట్టారు. మెట్ల మీద ఒక్కసారి గలాటా మొదలైంది. "నా బిడ్డను పట్టుకో, నేను పోయొస్తా." "నువ్వు ముందు పోయి రాపో, వీడు నన్ను వదల్లే." ఒకరి బిడ్డను ఒకరు మార్చుకుంటున్నారు, ఎవరికీ కుదరడం లేదు. పెద్దామె నా వైపు తిరిగి, "మీ కోడలు ల్యాకపోతే మాకు చేతులిరిగినట్టుండాది అక్కా" అంది. "ఆయమ్మ సత్ప్రసాదం తీసుకోదు కదా. మేము పోయొచ్చే దాంకా అందరి పిల్లోళ్లనూ ఆయమ్మే పట్టుకుంటాది. చంకనొకరు, ఒళ్లో ఇద్దరు, కొంగు పట్టుకుని ఒకరు. ఒక్కరూ ఏడ్చరు ఆయమ్మ దగ్గర."

నేను చేతులు చాచాను. మొదట ఎవరూ ఇవ్వలేదు. తరువాత పెద్దామె తన బిడ్డను నా ఒళ్లో పెట్టింది. ఆమెను చూసి ఇంకొకామె, ఆ తరువాత ఇంకొకామె. నా దగ్గర అందరూ ఏడ్చారు. ఒకడు నా కళ్లద్దాలు పీకాడు, ఒకతె నా భుజం తడిపింది. తల్లులు లోపలికి పోయి, సత్ప్రసాదం తీసుకుని, నోరు మూసుకుని తల వంచుకుని తిరిగి వచ్చారు. అప్పటికి లోపల వరస అయిపోయింది. ఆ ఆదివారం నేను సత్ప్రసాదం తీసుకోలేదు. నా చేతులు ఖాళీగా లేవు.

క్షమించమని అడగడం మా వంశంలో లేదు. తప్పు చేశామని తెలిస్తే మేం ఓళిగలు చేస్తాం. ఆ సాయంత్రం కోడలు ఫ్యాక్టరీ బస్సు దిగి వచ్చేసరికి పూర్ణం ఉండలు చేసి పెనం మీద ఓళిగ కాలుస్తున్నాను. ఆమె కాళ్లు కడుక్కుని వచ్చి చూసింది.

"ఏమత్తా, ఈ రోజు పండగేం ల్యా కదా?"

"ఏం లేదు. తిను."

నెయ్యి వేసి పెట్టాను. ఒకటి తిన్నాక అంది: "వాడు లోపలికి రాలేదంట కదా. బస్సు దిగుతానే వీధిలో చెప్పినారు."

"రాలేదు."

"నువ్వు గూడా పోలేదంట."

"ఊఁ."

ఆమె ఇంకొక ఓళిగ వేసుకుంది. మా మధ్య ఆ రోజు జరిగిన మాటలు ఇంతే.

తరువాతి ఆదివారం నేను కుర్చీ వైపు పోలేదు. మెట్ల మీద కోడలి పక్కన కూర్చున్నాను. ఆ పై ఆదివారం ముగ్గురం వరండాలోకి జరిగాం. ఇంకో రెండు వారాలకు గడప దాకా వచ్చాం. నెమ్మదిగా, పిల్లిని మచ్చిక చేసుకున్నట్టు వాణ్ణి లోపలికి తెచ్చాం. లోపల కూర్చున్న మొదటిరోజే, అందరూ కళ్లు మూసుకుని మౌనంగా ఉన్న సమయంలో, వాడు రోడ్డు మీద హారన్ విని, "అవ్వా, బస్సూ!" అని అరిచాడు. తలలు అలవాటు కొద్దీ వెనక కుర్చీ వైపు తిరిగాయి. కుర్చీ ఖాళీ. పూజ అయ్యాక నా ఈడు ఆమె ఒకరు వచ్చి, "టీచరమ్మా, నువ్వే ఇట్లయితే ఎట్లమ్మా? గుడి సంతయిపోతాది" అంది. "బిడ్డ బస్సు హారన్ విని బస్సు అనక విమానం అంటాడా?" అన్నాను. నా నోటి దురుసు ఎక్కడికీ పోలేదు, కాస్త తిరిగి కూర్చుంది, అంతే.

మెట్ల మీద ఉన్న మిగతా తల్లుల్నీ లోపలికి పిలిచాను. ఇద్దరు వచ్చారు. మిగిలినవాళ్లు, "ఈడ గాలి బాగుండాదిలే అక్కా" అన్నారు. నేను తల్లుల్ని బయటికి పంపింది ఒక్క మాటతో. రమ్మనడానికి ఆ ఒక్క మాట సరిపోలేదు. ఇప్పటికీ కొందరు ఆ మెట్ల మీదే ఉన్నారు. ఆ సంగతి నన్ను బాధిస్తుంది.

ఇక నేను జ్ఞానస్నానం మాట ఎత్తలేదు. అడిగే మొహం లేదు నాకు. ఆ నీళ్లు పడకపోతే పోనీ, వాడు నా పక్కన కూర్చుంటున్నాడు చాలు అని మనసును సరిపెట్టుకోవాలని చూశాను. సరిపెట్టుకోలేకపోయాను. ప్రతి ఆదివారం సత్ప్రసాదం తీసుకుని వచ్చి, కళ్లు మూసుకుని ఆ ఒక్కటే అడిగేదాన్ని.

మూడు నెలల తరువాత కోడలు బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా అంది: "ఫాదర్‌ను అడుగత్తా, వీనికి నీళ్లు ఎప్పుడు పోస్తారో."

ఎందుకు మనసు మార్చుకున్నావని నేను అడగలేదు. ఏ జవాబు వచ్చినా నాకు భయమే.

తల్లిదండ్రులు ముందుగా రెండు శనివారాలు పాఠానికి కూర్చోవాలి. ఆ ప్రశ్నలూ జవాబులూ కోడలికి నేనే ఇంట్లో వల్లె వేయించాను, ఒకటో తరగతికి చెప్పినట్టే. బిడ్డ పేరేమిటి అని ఫాదర్ అడిగితే పేరు చెప్పాలి. బిడ్డ కోసం శ్రీసభను, అంటే చర్చిని, ఏమి అడుగుతున్నారు అంటే 'జ్ఞానస్నానం' అనాలి. పదిసార్లు అనిపించాను. పదిసార్లూ తప్పులేకుండా చెప్పింది.

ఆ ఆదివారం, విశ్వాసంలో బిడ్డకు తోడుండే జ్ఞానతల్లిగా మా అక్క ధర్మవరం నుంచి వచ్చింది. రొద్దం నుంచి కోడలి అమ్మా నాయనా కొత్త బట్టలు కట్టుకుని, సంచి నిండా చెనక్కాయలు తెచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక వరండా చివర నిలబడ్డారు. జ్ఞానస్నానం లోపల మొదలు కాదు. బిడ్డను గుడి వాకిట్లో నిలబెట్టి, ఫాదరే బయటికి వచ్చి, అడగవలసినవి అడిగి, ఆ తరువాత లోపలికి తీసుకుపోతారు. అందుకని అందరం మెట్ల పైన తలుపు ముందు గుంపుగా నిలబడ్డాం. బిడ్డ తల్లి చంకలో ఉన్నాడు. తెల్ల వస్త్రం వేసుకున్న ఫాదర్ పుస్తకం తెరిచి పేరు అడిగారు. మావాడు చెప్పాడు. బిడ్డ కోసం ఏమి కోరుతున్నారని అడిగారు.

కోడలు పలకలేదు. మరిచిపోయిందేమోనని వెనకనుంచి నేను పెదవులు కదిపి అందించబోయాను. మా అక్క మోచేత్తో నా డొక్కలో పొడిచింది. కోడలు బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"వీడు ఏడుస్తాడు ఫాదర్" అంది. "ఏడ్చినా వీన్ని లోపలే ఉండనియ్యాలని అడుగుతాండా."

అడిగింది ఫాదర్‌ను. చూస్తున్నది నన్ను. మెట్ల మీది తల్లులు, రొద్దం వియ్యంకులు, లోపల కూర్చుని మెడలు సాచినవాళ్లు, అందరూ విన్నారు. ఫాదర్ పుస్తకంలో ఆ పక్కా ఈ పక్కా చూశారు. అందులో దీనికి జవాబు రాసి లేదు.

ఆ తంతులో బిడ్డ అవ్వ చెప్పవలసిన మాట ఒక్కటీ లేదు. తల్లిదండ్రులవి ఉన్నాయి, జ్ఞానతల్లివి ఉన్నాయి. నాది లేదు. అయినా నేను ముందుకు వచ్చాను.

"లోపలే ఉంటాడు తల్లీ. నేను పొమ్మనింది తప్పు" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పిన గొంతు, మెల్లగా అందామన్నా రాలేదు. గేటు దాకా వినబడి ఉంటుంది. ఆ అరుపుకు జడిసి నా మనవడు నోరు బార్లా తెరిచి గుక్కపెట్టాడు. కోడలు వాణ్ణి ఊరుకోబెట్టలేదు. ఫాదర్ పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. వాడు అలా ఏడుస్తుండగానే మేమంతా లోపలికి నడిచాం.